నిద్రలో మాట్లాడే వేళ్ళు

నడినెత్తిన సూర్యుడు నిప్పులు చెరుగుతున్నాడు. తానేమీ తీసిపోనన్నట్టు ఎదురుగా జ్వాలాకూట పర్వతం పొగలు కక్కుతోంది. ఆ రెంటి నడుమా అంగారపుర మహానగరం పగడపు రంగు ప్రాకారాలతో, రాగిరేకు తాపిన గోపురాలతో, బురుజు బురుజుకీ రెపరెపలాడే కుంకుమ పతాకాలతో కన్నులు మిరుమిట్లు గొలుపుతోంది. ఏ ఆస్థానకవో చూసి ఉంటే అక్కడికక్కడే నాలుగు పద్యాలు చెప్పి ఉండేవాడు. కేదారుడు చూసి, దవడలు నొప్పి పుట్టేలా ఆవులించాడు.

ఇలాంటి కథల్లో రాజకుమారులుంటారు. వాళ్ళకి ఆకలి, నిద్ర ఉండవు. పులిని చంపి, ఏరు ఈది, ఆ తడిబట్టలతోనే రాజకుమార్తెకు దండ వేస్తారు. కేదారుడు రాజకుమారుడు కాడు. సువర్ణతీరం వర్తకుడు, నడివయసువాడు, పైగా పాదాలు పగిలినవాడు. బైరాగి వేషంలో కంచరగాడిదను తోలుకుంటూ, దాని వీపున చినిగిన గోనెల అడుగున లోకంలో ఇంతవరకూ ఎవరూ అమ్మని సరుకును మోసుకొస్తున్నాడు. మకరవతి నదిలో మొసళ్ళు పడవను తిరగేసిన నాటినుంచి అతను కన్ను మూసి ఎరగడు.

ఎందుకు మూయలేదో చెప్పాలంటే సువర్ణతీరం వాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. అక్కడ నోటితో ధర పలకడం నామోషీ. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని, దానికింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి గుడ్డ తప్ప ఏమీ కనపడదు. పుట్టింది మొదలు ఇదే పని కావడంతో వాళ్ళ వేళ్ళకి ఒక రోగం పట్టుకుంది. మనలో కొందరు నిద్రలో నోటితో పలవరిస్తారే, వాళ్ళు వేళ్ళతో పలవరిస్తారు. గాఢనిద్రలో ఉన్న వర్తకుడి చేతిలో చెయ్యి పెడితే చాలు, మనసులో దాచుకున్న లెక్కంతా ఆ వేళ్ళు నొక్కి నొక్కి చెప్పేస్తాయి.

ఉప్పు, బియ్యం అమ్మేవాడికి దీనివల్ల వచ్చే నష్టమేం లేదు. వాటికి పడిన ధర ఎంతో, మిగులు ఎంతో సంతకొచ్చే పిల్లికి కూడా తెలుసు. కొత్త సరుకు పట్టుకుని బయల్దేరే వర్తకుడి సంగతి వేరు. అతనికి వర్తక శ్రేణి పెద్దలు ఏనుగుతోలు తొడుగు ఒకటి ఇస్తారు. పడుకునే ముందు దాన్ని చేతికి తొడుక్కుని పట్టీ బిగించుకోవాలి. కేదారుడి తొడుగు ప్రస్తుతం మకరవతిలో ఒక మొసలి కడుపులో ఉంది. తుండుగుడ్డ చుట్టి చూసుకున్నాడు గానీ, కునుకు పట్టగానే వేళ్ళు ముడి విప్పుకుని బయటికొచ్చి గాలిలో బేరం మొదలెట్టాయి. ఉలిక్కిపడి లేచాడు. మళ్ళీ పడుకోలేదు.

"కాసేపు నడుం వాల్చు సెట్టీ. నేను కాపలా ఉంటాగా" అంది కొమరి.

కొమరి గద్దగుట్ట పిల్ల. బల్లెం పట్టిన చెయ్యి, ఎండకు కమిలిన ముఖం, దారి పొడవునా అతన్ని ప్రాణాలతో ఈడ్చుకొచ్చిన మనిషి. మొసలి నోట్లోంచి అతని కాలు లాగింది ఆమే.

"నిద్ర రావట్లేదు" అన్నాడు కేదారుడు, మళ్ళీ ఆవులిస్తూ.

ఇంత నమ్మకమైన తోడు ఉండగా హాయిగా పడుకోక ఈ బడాయి దేనికి అని మీకు అనిపించవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. గోనెల అడుగున ఉన్నవి నిప్పంటని కంబళ్ళు. ఉన్నిని నిప్పునాచు పసరులో నానబెట్టి నేసినవి. ఆ నిప్పునాచు గద్దగుట్ట కొమ్ముల మీద తప్ప మరెక్కడా మొలవదు. తాళ్ళకు వేలాడి దాన్ని గీకి తెచ్చేది కొమరి మనుషులు. బుట్టకింతని వాళ్ళకి ముట్టేది ఏనాడో కుదిరిన ధర. కంబళి ఎంతకు అమ్మబోతున్నారో వాళ్ళు విన్నారు. అది తయారు కావడానికి మొత్తం ఎంత పడుతుందో మాత్రం తెలియదు. మాంత్రికుడి దగ్గర దాచినదాన్నే ఈ పిల్ల దగ్గరా దాస్తున్నానని తలచుకున్నప్పుడల్లా కేదారుడికి కాళ్ళనొప్పులు ఇంకాస్త ఎక్కువయ్యేవి.

మాంత్రికుడంటే జంబుకాక్షుడు. నక్కకళ్ళవాడు. తామ్రద్వీపం వర్తకులు వాణ్ణి పోషిస్తున్నారు. కంబళి ఎలా నెయ్యాలో వాళ్ళు ఎప్పుడో దొంగిలించారు. వాళ్ళకి ఇప్పుడు కావలసింది ఒక్కటే, కంబళికి పడిన ధర. అది తెలియక, దిగితే లాభమో మునకో తేల్చుకోలేక, ఒడ్డున కూర్చుని జంబుకాక్షుణ్ణి ఉసిగొల్పారు. అంగారపుర ప్రభువు వహ్నిసేన మహారాజు, పర్వతం పగిలేలోగా నగరంలో ఇంటికొక కంబళి కొంటానని కబురంపాడు. మచ్చుకు తెచ్చిన ఈ మోపు ఇవాళ పొద్దు వాలి కోటతలుపులు మూసేలోగా ఆయన ముందు విప్పాలి. ఆలోగా మిగులు సంగతి బయటికి పొక్కిందా, సువర్ణతీరంలో మగ్గాలు ఆగిపోతాయి.

ఆ మాట మనసులో అనుకుంటుండగానే నెత్తిమీద నీడ పడింది.

"సెట్టీ, వంగు!" అని కొమరి అరిచింది.

ఆకాశం నుంచి మూడు రాబందులు బాణాల్లా దిగుతున్నాయి. తాటిమాను పొడుగు రెక్కలు, ఇత్తడి గోళ్ళు, ముక్కుల్లోంచి బుసబుస మంటలు. జంబుకాక్షుడి పెంపుడు పక్షులవి. కొమరి విసిరిన బల్లెం మొదటిదాని గొంతులో దిగింది. అది గిర్రున తిరుగుతూ లోయలోకి పోయింది. రెండోది దారిపక్క ముళ్ళపొదను ఒక్క ఊపులో బూడిద చేసింది. కేదారుడు గోనె చీల్చి, చేతికందిన కంబళి లాగి, కొమరినీ తననూ కలిపి కప్పి నేలకు కరుచుకున్నాడు. పైన మంట హోరున పారింది. రాళ్ళు చిటపటా పగిలాయి. కంబళి కింద వాళ్ళకి చెమట పట్టింది, అంతే. పాపం, గాడిద తాడు వదలకుండా బయటికి చాచిన కేదారుడి కుడిచెయ్యి మాత్రం మణికట్టు దాకా కమిలింది. ఆ గాడిదకు వీపున కంబళ్ళే ఉండటంతో తోక కొస తప్ప ఏమీ కాలలేదు గానీ, అది ఆ అవమానం భరించలేక వాలులో పరుగు లంకించుకుంది. తాడుతో పాటు కేదారుడు, కేదారుణ్ణి పట్టుకుని కొమరి, గులకరాళ్ళ మీద దొర్లుకుంటూ కనుమ అడుక్కి చేరారు. అక్కడి ఇరుకు దారిలో రెక్కలు పట్టక, ఒకదాన్నొకటి గుద్దుకుని, తమ మంటల్లోనే మాడిపోయాయి మిగిలిన రెండు రాబందులూ.

"బాగానే పనిచేస్తోంది మీ సరుకు" అంది కొమరి, నోట్లో మట్టి ఊస్తూ.

కేదారుడికి నవ్వే ఓపిక లేదు.

కనుమ మలుపులో చిన్న సత్రం. సున్నం వేసిన అరుగు, తడిపిన వట్టివేళ్ళ తడకలు, లోపలినుంచి గంజి వాసన. పండిన జుట్టు ముడి వేసుకున్న అవ్వ ఒకామె ఎదురొచ్చింది. "అయ్యో నాయనా, చెయ్యి ఎలా కాలిపోయిందో! రా, కూర్చో. గంజి తాగు, వెన్న రాస్తాను" అంది. ఆ మాటకే కేదారుడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలసిపోయినవాడికి ఎవరైనా కూర్చోమంటే చాలు. కొమరి గాడిదకు నీళ్ళు పెట్టడానికి బావి దగ్గరికి వెళ్ళింది. కేదారుడు గంజి తాగాడు. చివరి గుక్క మింగుతుండగా నాలుక మొద్దుబారడం తెలిసింది. లేవబోయాడు. కాళ్ళు వినలేదు. ఇక ఆ నిద్ర ఎంత తీయగా వచ్చిందంటే, అది మత్తుమందని తెలిసి కూడా అతను ఎదురు తిరగలేదు.

తర్వాత జరిగింది కొమరి చెప్పగా అతను విన్నదే. ఆమె తిరిగొచ్చేసరికి సెట్టి అరుగు మీద గుర్రు పెడుతున్నాడు. అవ్వ అతని కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దానిమీద తుండుగుడ్డ కప్పుతోంది. వెన్న రాసేవాళ్ళు గుడ్డ ఎందుకు కప్పుతారు? కొమరి ఒక్క దూకులో ముసలిదాన్ని అవతలకు తోసి, ఆ చెయ్యి తన రెండు చేతుల మధ్య ఇరికించుకుంది. వేళ్ళు అప్పటికే పలవరింత మొదలెట్టాయి. ఏటా నాచు బేరాల్లో గుడ్డ కింద మాట్లాడి గద్దగుట్ట వాళ్ళకీ ఆ భాష వచ్చు. ఎవరి చేతిలో చెబుతున్నాయో వాటికేం తెలుసు? మొదటినుంచి చివరిదాకా చెప్పి, ఊరుకున్నాయి.

అవ్వ ముడి ఊడింది. ముడతలు పొట్టులా రాలిపోయాయి. పచ్చని నక్కకళ్ళు, నాభి దాకా ఎర్రగడ్డం, చేతిలో ఎముక దండంతో జంబుకాక్షుడు నిలబడ్డాడు. చేతికందినది జారిపోయిన కోపంలో దండం విసురుగా ఊపాడు.

కేదారుడికి మెలకువ వచ్చింది చలికి. కళ్ళు తెరిచి చూసుకుంటే మెడ కింది నుంచి పాదాల దాకా నల్లరాయి. చేతులు, వేళ్ళు, అన్నీ రాయే. మాంత్రికులకు తొందరెక్కువ. రాతివేళ్ళు పలవరించవన్న సంగతి వాడికి రాయి చేశాక గుర్తొచ్చింది.

"ఓరీ వర్తకాధమా! నీతో నాకు పనిలేదు" అంటూ జంబుకాక్షుడు కొమరి వైపు తిరిగాడు. "పిల్లా! నీ చేతిలో ఆ వేళ్ళు ఏం చెప్పాయో నాకు చెప్పు. ఈ పెద్దమనుషులు మీ రెక్కలకష్టం మీద ఎంత వెనకేసుకోబోతున్నారో ఇప్పుడు నీకు తెలిసిందిగా. నీ గూడెం మొత్తానికి పుట్టెడు బంగారం ఇప్పిస్తాను."

కొమరి కేదారుడి కళ్ళలోకి చూసింది.  

"పదో వంతు" అందామె మెల్లగా, మాంత్రికుడికి వినపడకుండా. "అమ్మే ధరలో పదో వంతు కూడా పడదటగా మీకు. నిజమేనా సెట్టీ?"

"నిజమే."

"మిగతాదంతా?"

కేదారుడికి మాట్లాడాలని లేదు. మెడ దాకా రాయైనవాడికి లెక్కలు చెప్పే ఓపిక ఎక్కడుంటుంది? అయినా గొంతు తగ్గించి చెప్పాడు. "ఈ కంబళి కుదిరేలోపు ఎన్ని కాలిపోయాయో నీకు తెలీదు కొమరీ. కప్పుకుని మంటలోకి నడిచి చూసినవాళ్ళలో తిరిగి రానివాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఈ మిగులుతోనే. రేపు ఇంకో సరుకు కనిపెట్టాలన్నా దీంతోనే. కొనేవాడికి ఇవేం కనపడవు. కాసింత నాచు, కాసింత ఉన్ని, దీనికింత ధరా అంటాడు. తామ్రద్వీపం వాళ్ళకి తెలిసిందంటే, ధర ఎక్కడిదాకా దించితే మేం చస్తామో కూడా తెలిసిపోతుంది. సరిగ్గా అక్కడికే దించుతారు. ఇంత మిగులుందని తెలిస్తే మగ్గం పెట్టనివాడెవడు? అందుకే ఎవరికీ చెప్పం. కట్టుకున్నదానికి కూడా చెప్పం."

"అదంతా సరే. మాకెందుకు చెప్పలేదు?"

కేదారుడు కళ్ళు దించుకున్నాడు. అబద్ధం చెప్పడానికి కూడా కొంత సత్తువ కావాలి. అది అయిపోయింది.

"తెలిస్తే నాచు ధర పెంచమంటారని."

జంబుకాక్షుడికి ఈ ముక్క మాత్రం వినిపించింది. సత్రం కప్పు ఎగిరిపోయేలా నవ్వాడు. "విన్నావుగా పిల్లా! వీడికోసమా నువ్వు మొసళ్ళతో కొట్లాడింది?"

 కొమరి లేచి వెళ్ళి మాంత్రికుడి ఎదుట కూర్చుంది. "రాయి కరిగించే నీళ్ళు ముందు నా చేతికివ్వు. తర్వాత గుడ్డ కప్పు" అంది.

"కొమరీ, వద్దు!" అని కేదారుడు అరిచాడు. ఆపడానికి అతనికి చేతులు లేవు. కాలిపోయినవాళ్ళ ఇళ్ళు, ఆగిపోయే మగ్గాలు ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి.

జంబుకాక్షుడు కమండలం ఆమె ఒళ్ళో పడేసి, ఆశగా గుడ్డ పరిచాడు. గుడ్డ కింద అబద్ధమాడిన వర్తకుడి వేలు ఎండి రాలిపోతుందని ముల్లోకాలకూ తెలుసు. అందుకే నోటిమాట అడక్కుండా వాడు చెయ్యి చాచాడు. గుడ్డ కింద కొమరి వేళ్ళు కదిలాయి. కేదారుడు చూడలేక చూస్తున్నాడు. మాంత్రికుడి ముఖం మొదట వెలిగింది. తర్వాత సాగింది. తర్వాత నల్లబడింది.

"ఇంతేనా?" అని గుడ్డ విసిరికొట్టాడు. "ఈ కాస్త మిగులు కోసమా నేను బంగారం లాంటి రాబందుల్ని మాడ్చుకుంది? ఈ బోడి బేరంలోకి దిగితే తామ్రద్వీపం వాళ్ళకి కట్టుబట్టలు కూడా మిగలవు!" అంటూ ఎర్రటి పొగై, కిటికీలోంచి పడమటికి ఎగిరిపోయాడు.

కొమరి వచ్చి కమండలం వంచింది. నీళ్ళు పడ్డచోటల్లా రాయి మెత్తబడి, నల్లటి బురదై జారిపోయింది. కేదారుడు అరుగు మీద కూలబడి, వేళ్ళు ఒక్కొక్కటే ఆడించి చూసుకున్నాడు.

"ఏం చెప్పావు వాడికి?"

"అమ్మే ధరంతా దాదాపు ఖర్చులకే సరిపోతుందని చెప్పాను."

"గుడ్డ కింద అబద్ధమా! నీ వేలు..."

"ఆ శాపం వర్తకులకి సెట్టీ. నేను వర్తకురాలినా? నాచు గీకేదాన్ని." ఆమె కమండలం పక్కన పెట్టింది. "నీకోసం చేశాననుకోకు. మేం చేత్తో గీకుతాం, వేరు వదిలేస్తాం. నిజం తెలిస్తే తామ్రద్వీపం వాళ్ళు గడ్డపారలు పట్టుకుని మా గుట్టెక్కి, రాయితో సహా పెళ్ళగిస్తారు. రెండేళ్ళలో అక్కడ నాచూ ఉండదు, మేమూ ఉండం."

కేదారుడికి ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. వంగితే లేవలేనని భయం వేసి ఊరుకున్నాడు. "ఈ మేలు ఈ జన్మలో మరిచిపోను. పద, పొద్దు వాలుతోంది. తామ్రద్వీపంలో తలపండిన వర్తకులున్నారు. వాడి మాట ఎంతసేపు నమ్ముతారో తెలీదు. ఆ లోగా రాజుగారి దగ్గర బేరం అయిపోవాలి" అంటూ గాడిద తాడు అందుకున్నాడు.

కొమరి లేవలేదు. మాంత్రికుడు విసిరేసిన తుండుగుడ్డ తీసి, దులిపి, తన మోకాలి మీద పరుచుకుంది.

"ముందు మన బేరం" అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నీళ్ళు పోసేముందు అడిగుండొచ్చు. అడగలేదు. అది గుర్తుపెట్టుకుని కూర్చో."

కేదారుడు కోట వైపు చూశాడు. ప్రాకారాల పగడపు రంగు ముదురుతోంది. పర్వతం కడుపులో ఏదో బండి దొర్లినట్టు శబ్దమైంది. అతను వచ్చి ఆమె ఎదుట కూర్చుని, కాలిన చెయ్యి గుడ్డ కిందికి చాపాడు. కొమరి వేళ్ళు అతని వేళ్ళను పట్టుకుని, బుట్ట నాచుకి ఎంత కావాలో చెప్పాయి. అన్యాయమైన ధర అయితే ఎంత బాగుండేది! కాలిపోయినవాళ్ళ ఇళ్ళకి, రేపటి సరుకుకి, సరిపడా వదిలిపెట్టి, మిగిలినదాంట్లోంచే అడుగుతోందామె. తన లెక్క తనకంటే బాగా చూసుకుని అడుగుతోంది.

సువర్ణతీరంలో పిల్లలు అమ్మా అత్తా తర్వాత నేర్చే మాట "గిట్టదు." ఎంత లాభమొచ్చే బేరమైనా, ముఖం వేలాడేసి ఆ మాట అంటేనే వర్తకుడు. కేదారుడు ఈ బతుకులో లక్షసార్లు అని ఉంటాడు. గద్దగుట్ట పెద్దలతో ఏటా అన్నాడు. వాళ్ళు ఏటా నమ్మి, తలలూపి, బుట్టలు దింపి వెళ్ళారు.

అలవాటు చొప్పున నోరు తెరిచాడు.

కొమరి అతని ముఖంలోకే చూస్తోంది. ఆ మాట కోసమే ఎదురు చూస్తోంది.

గిట్టదన్న మాట ఈసారి పైకి రాలేదు. కోటతలుపులు మూసే నగారా మోగడం మొదలైంది. గాడిద తల ఎగరేసింది. గుడ్డ కింద ఆమె వేళ్ళు మాత్రం సడలలేదు.